వీడియో గేముల్లో దాచినవాటిని పట్టుకోవడం ఎలా? ఓపిక ఉన్నవారికి సమగ్ర మార్గదర్శి

విజయనగరంలో మూడు లాంతర్ల చుట్టుపక్కల, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ వైపు ఒకప్పుడు నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బు కట్టి ఆడిన తరానికి ఆటల కన్నా ఆటల కబుర్లు ఎక్కువ వచ్చు. ఫలానా వంతెన ఎక్కితే ఫలానాది కనిపిస్తుందని ప్రతివాడూ చెప్పేవాడు. కళ్ళారా చూసినవాడు మాత్రం ఎప్పుడూ పక్క వీధివాడే. విచిత్రం ఏమిటంటే, ఆ కబుర్లలో కొన్ని అక్షరాలా నిజం. కొన్ని పచ్చి అబద్ధం. ఏది ఏదో తేల్చుకోవడానికీ, వీలైతే ఎవరూ చెప్పకముందే మనమే పట్టుకోవడానికీ ఒక పద్ధతి ఉంది. దానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. పాత కంప్యూటరో మామూలు ఫోనో ఒకటి, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

నేను పిల్లలకు నేర్పేటప్పుడు ఈ పద్ధతినంతా ఒకే ప్రశ్నలో చెబుతాను: ఇక్కడ ఏదైనా దాచవలసిన అవసరం ఆట తయారుచేసినవాడికి ఎందుకు వస్తుంది? ఆ ప్రశ్న వేయకుండా వెతికితే ప్రతి గోడకూ తల బాదుకోవాలి. వేసి వెతికితే ఏ గోడ దగ్గర ఆగాలో తెలుస్తుంది.

అడుగు 1: ఒకసారి ముగించిన ఆటతో మొదలుపెట్టండి

కొత్త ఆటలో కంటికి అన్నీ కొత్తగానే ఉంటాయి కాబట్టి ఏది తేడాగా ఉందో పట్టలేం. మీకు దారులన్నీ తెలిసిన ఆట తీసుకోండి. చిన్నదైతే మరీ మంచిది.

మొదటి అభ్యాసానికి నేను ఫ్రీసెల్ ఇస్తాను. నవ్వకండి. ఆఫీసుల్లో భోజనాల వేళ గుమాస్తాలు ఆడుకున్న ఆ పేకాటే. పాత విండోస్ ఫ్రీసెల్‌లో 32,000 పంపకాలు, ప్రతిదానికీ ఒక నంబరు. అన్నీ గెలవదగినవేనని నమ్ముతున్నామనీ, రుజువు మాత్రం కాలేదనీ ఆటలోని సహాయం పేజీలోనే రాశారు. 1990ల మధ్యలో కొందరు ఔత్సాహికులు ఇంటర్నెట్‌లో ఒక్కటై ఆ పంపకాలన్నీ పంచుకుని ఆడి చూశారు. అన్నీ తేలాయి, ఒక్కటి తప్ప. దాని నంబరు 11982. ఎఫ్3 మీట నొక్కి ఆ నంబరు వేయండి, ఎంత ఓపిక ఉంటే అంతసేపు ఆడండి. తరువాత అదే గడిలో మైనస్ 1, మైనస్ 2 వేసి చూడండి. ఆ రెండూ ఎవరూ గెలవకుండా కావాలనే పేర్చిన పంపకాలు. నంబరు అడిగిన చోట మైనస్ గుర్తు వేసి చూడాలన్న చిలిపితనం లేనివారికి అవి ఎప్పటికీ దొరకవు. వెతుకులాటలో మొదట అలవరచుకోవలసింది ఆ చిలిపితనమే.

అడుగు 2: ఎందుకు దాచి ఉంటారో ముందు ఊహించండి

నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. దాచడానికి కారణాలు అనేకం ఉండవచ్చు గానీ నా నోటు పుస్తకంలో ఉన్నవాటిలో చాలా వరకు నాలుగింటిలో ఒకదాని కిందికి వస్తాయి.

మొదటిది సంతకం. అటారీ కంపెనీ తన ఆటల మీద వాటిని రాసినవారి పేర్లు వేసేది కాదు. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ 1980 నాటి అడ్వెంచర్ ఆటలో, 4 కిలోబైట్లు మాత్రమే ఉన్న చోట, తన పేరు రాసిన ఒక రహస్య గది కట్టాడు. ఆ గదికి తాళంచెవి ఒకే ఒక చుక్క. అది నేల రంగులోనే ఉంటుంది. చిక్కుదారిలో మూసి ఉన్న ఒక చిన్న గదిలో దాన్ని పెట్టాడు. దాన్ని తీసుకుని సరైన చోటికి వెళ్ళి, అదే గదిలో మరి రెండు వస్తువులు ఉంచితే గోడ మినుకుమినుకుమని దారి ఇస్తుంది. ఆ గది సంగతి కంపెనీలో ఎవరికీ చెప్పకుండానే అతను ఉద్యోగం మానేశాడు. అమెరికాలోని ఒక కుర్రాడు ఆ గదిని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాసేదాకా విషయం బయటపడలేదు. తీసేయడం ఖర్చని ఉంచేశారు. ఇలాంటివాటిని ఈస్టర్ ఎగ్ అనడం ఆ సంఘటనతోనే మొదలైంది. మనకు పనికొచ్చే సంగతి ఇది: సంతకం చేసేవాడు తన పేరు ఎవరో ఒకరు చూడాలనే కోరుకుంటాడు. కాబట్టి ఎక్కడో ఒక ఆనవాలు వదులుతాడు. ఏ పనికీ రాని వస్తువు, ఎటూ పోని దారి, కారణం లేకుండా మినుకుమనే గోడ కనిపిస్తే వదలకండి.

రెండోది పొదుపు. జాగా తక్కువైనప్పుడు మనిషి తెలివి పెరుగుతుంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పుడు ఫోనులో మనం పంపుకునే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే ఆకాశంలోని మబ్బు, నేల మీది పొద ఒకే బొమ్మ. రంగు మార్చి రెండు చోట్లా వాడారు. ఒకసారి తెలిశాక ఇక ఆ పొదలో మబ్బే కనిపిస్తుంది. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ వేగం పెరగడం ముందుగా వేసుకున్న పథకం కాదు. ఆ యంత్రానికి 55 బొమ్మలు గీయడం భారం, పది గీయడం తేలిక. బొమ్మలు తగ్గగానే యంత్రం పరుగెత్తింది. ఆట తయారుచేసిన తొమోహిరో నిషికదో అది బాగుందనుకుని అలాగే ఉంచాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం ప్రిన్స్ ఆఫ్ పర్షియా. కంప్యూటర్ కోర్సుల పేరు చెప్పి ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి డాస్‌లో ఆడినవారికి ఇది గుర్తుండే ఉంటుంది. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్క బొమ్మగా దించాడు. 1989లో యాపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చిన ఆ ఆటలో ఆ బొమ్మలకే జ్ఞాపకశక్తి అంతా ఖర్చయిపోయింది. ప్రత్యర్థిని పెట్టడానికి చోటు లేదు. అప్పుడు రాకుమారుడి బొమ్మనే ఒక్క చుక్క పక్కకు జరిపి, దానితోనే కలిపి చెరిపితే మెరిసే అంచులున్న నీడ మనిషి వచ్చాడు. అదనపు బొమ్మ ఒక్కటి కూడా ఖర్చు కాలేదు. అద్దంలోంచి దూకి, మీకోసం ఉంచిన మందు తాగేసి, తలుపులు మూసి ఏడిపించే ఆ నీడతో చివర కత్తియుద్ధం చేస్తే, మీరు కొట్టిన ప్రతి దెబ్బా మీకే తగులుతుంది. దారి ఒక్కటే, కత్తి ఒరలో పెట్టి అతనిలోకి నడిచిపోవడం. జాగా చాలక పుట్టినవాడు కథకే ఆయువుపట్టు అయ్యాడు.

పొదుపు రహస్యాలు పట్టాలంటే రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి చూడాలి. ఫోనులో స్క్రీన్‌షాట్ తీసి, రంగు తీసేసి నలుపు తెలుపుల్లోకి మార్చండి. ఏ బొమ్మ ఏ బొమ్మకు కవల అన్నది అప్పుడు బయటపడుతుంది.

మూడోది మరచిపోయిన పనిముట్టు. మన ఊళ్ళలో టీవీకి తగిలించే గేములో కాంట్రా క్యాసెట్ ఆడనివారు తక్కువ. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. ఆ వరసతో 30 ప్రాణాలు వస్తాయని తెలుసు. అది పుట్టింది మాత్రం కాంట్రాలో కాదు. కజుహిసా హషిమోతో 1986లో గ్రేడియస్ ఆటను ఇంటి యంత్రానికి మారుస్తూ, తన ఆటను తానే గెలవలేక, పరీక్షించుకోవడం కోసం ఆ వరస పెట్టుకున్నాడు. విడుదలకు ముందు తీయడం మరచాడు. గ్రాండ్ థెఫ్ట్ ఆటో అనే వరసలో వైస్ సిటీ రోజుల ఆటల్లో రాత్రిపూట దూరపు తుపాకీతో చంద్రుణ్ణి కాలిస్తే ఆ చంద్రుడు చిన్నా పెద్దా అవుతాడు. దానికి రకరకాల అర్థాలు చెప్పుకున్నారు. అసలు సంగతి ఆ ఆటలు చేసిన కంపెనీలో పనిచేసిన ఓబె వెర్మై ఇటీవల చెప్పాడు: చంద్రుడు ఎంత ఉండాలో చిత్రకారుల మధ్య తేలలేదట. ఆటలో తిరుగుతూనే పరిమాణం మార్చి చూసుకోవడానికి ఇతను ఆ ఏర్పాటు చేశాడట, అది అలాగే ఉండిపోయింది. తయారుచేసినవాడు తన పనిని ఎలా పరీక్షించుకుని ఉంటాడో ఊహించగలిగితే ఇలాంటివి దొరుకుతాయి.

నాలుగోది దయ. ఇది కంటికి ఆనదు, చేతికే తెలుస్తుంది. 1997లో తనేలి అర్మాంటో నోకియా 6110 ఫోను కోసం స్నేక్ రాసినప్పుడు, పాము గోడకు తగలబోయే క్షణంలో కొద్దిపాటి వ్యవధి ఇచ్చాడు. ఆ లోపల తిప్పగలిగితే బతికిపోతాం. 2018 నాటి సెలెస్ట్‌లో అంచు దాటి గాలిలోకి వచ్చాక కూడా రెప్పపాటు సేపు దూకనిస్తుంది. కొన్ని యుద్ధపు ఆటల్లో ప్రాణాన్ని చూపే గీతలోని చివరి ముక్కకు కనిపించేదాని కన్నా ఎక్కువ బలం ఉంటుంది, చావు అంచున బయటపడ్డామన్న సంబరం మనకు మిగలడానికి. దీన్ని పట్టాలంటే కావాలనే ఆలస్యంగా నొక్కాలి. అంచు దాటాక దూకండి, దెబ్బ తగిలాక తప్పుకోండి. "ఇది కుదరకూడదే" అనిపించిన ప్రతిదీ రాసుకోండి.

అడుగు 3: చేతులతో వెతకడం

ఊహ ఒకటి కుదిరాక ఇక శ్రమే. నాలుగు పనులు చేయాలి: ఎత్తు ఎక్కడం, అంచుకు వెళ్ళడం, ఆగి చూడడం, కాలం మార్చడం.

ఎత్తు ముందు. వైస్ సిటీలో వీసీఎన్ భవనం మీది హెలిప్యాడ్ నుంచి ఎదురు భవనంలోని ఒక కిటికీలోకి దూకితే గాజు అడ్డు రాదు. లోపల పీఠం మీద చాక్లెట్ గుడ్డు, దాని మీద ఈస్టర్ శుభాకాంక్షలు. అదే వరసలో 2004లో వచ్చిన శాన్ ఆండ్రియాస్‌లో గ్యాంట్ వంతెన స్తంభం కొసకు కష్టపడి చేరితే ఒక బోర్డు ఉంటుంది. ఇక్కడ ఈస్టర్ ఎగ్స్ ఏమీ లేవు, వెళ్ళిపో అని. అంటే మనబోటి వాళ్ళు అక్కడిదాకా వస్తారని వాళ్ళకు ముందే తెలుసన్నమాట.

అంచు అంటే పటం అంచే కాదు, లెక్క అంచు కూడా. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌లో లెవెల్ నంబరును ఎనిమిది బిట్లలో ఉంచారు. అందులో 255 దాకానే పడుతుంది. 256వ లెవెల్లో లెక్క తిరగబడి, కింద పండ్లు గీసే భాగం ఆగవలసిన చోట ఆగదు. తెర కుడి సగమంతా అంకెలు, అక్షరాలు చిందరవందర. పాత మైన్‌క్రాఫ్ట్‌లో ఒకే దిక్కుకు సుమారు 1 కోటి 25 లక్షల గడులు నడిస్తే నేల విరిగి గోడలై లేచేది. మీ ఆటలో ఏ అంకె పెరుగుతూ పోతోందో చూడండి. 99, 255, 999, 65,535 దగ్గర ఏమవుతుందో తెలుసుకోవాలన్న కుతూహలం ఉండాలి.

ఆగి చూడడం అన్నిటికన్నా తేలిక, దాన్నే ఎవరూ చేయరు. ప్యాక్‌మ్యాన్‌లో నాలుగు దెయ్యాలూ ఒకేలా వెంటపడతాయని అనుకుంటాం. చూస్తే, ఎర్రది మనమున్న చోటికే వస్తుంది, గులాబీది మన ముందు నాలుగు గడుల దూరానికి గురిపెడుతుంది, నారింజది దూరంగా ఉంటే వస్తుంది, దగ్గరపడితే తన మూలకు మళ్ళుతుంది. నీలిదాని నడక ఎర్రదాని మీద ఆధారపడుతుంది. 1987 నాటి పంచ్ అవుట్ అనే బాక్సింగ్ ఆటలో ఎప్పుడు గుద్దాలో చెప్పే సంజ్ఞ ఒకటి ప్రేక్షకుల్లోని గడ్డం మనిషి ఇస్తున్నాడని 2016లో గాని ఎవరూ గమనించలేదు. అన్నేళ్ళూ అందరి చూపూ బాక్సర్ మీదే.

ఇక కాలం. అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో కొద్ది ఉదయాలే సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. మిగతా రోజుల్లో ఎంతసేపు నిలబడినా ఆ కట్టడంలోని లెక్క కంటపడదు. కొన్ని ఆటలూ అలాగే తేదీ చూసుకుంటాయి. 2004 నాటి మెటల్ గేర్ సాలిడ్ 3లో ద ఎండ్ అనే పండు ముసలి గురికాడు ఉంటాడు. అతనితో పోరు మధ్యలో ఆటను సేవ్ చేసి, వారం రోజుల తరువాత తెరిస్తే, లేదా యంత్రంలో తేదీని అంత ముందుకు జరిపితే, అతను వృద్ధాప్యంతో పోయి ఉంటాడు. మీ ఫోనులో తేదీ మార్చి చూడాలంటే ముందు నెట్ ఆపండి. అయిపోయాక తేదీని మళ్ళీ ఆటోమేటిక్‌కు పెట్టడం మరవకండి, లేకపోతే బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి.

అడుగు 4: చెవి, డబ్బా

ధ్వనిని వెనక్కి తిప్పి వినండి. ఫోనులో ఉచితంగా దొరికే ఆడియో యాప్ ఏదైనా సరే. 1994 నాటి డూమ్ 2లో చివరి రాక్షసుడు గొణిగేది తిప్పి వింటే, ఆట గెలవాలంటే జాన్ రొమెరోను చంపాలి అని వినిపిస్తుంది. రొమెరో ఆ ఆట తయారుచేసినవారిలో ఒకడు. గోడల గుండా పోయే చీట్ కోడ్‌తో రాక్షసుడి లోపలికి వెళితే అతని తల ఒక కర్రకు గుచ్చి ఉంటుంది. మనం పేల్చేవన్నీ తగిలేది దానికే.

డబ్బానూ వదలకండి. 1998 నాటి మెటల్ గేర్ సాలిడ్‌లో ఒకచోట రేడియో నంబరు సీడీ పెట్టె వెనక ఉందని చెబుతారు. ఆటలో అలాంటి పెట్టె కోసం వెతికి వెతికి విసిగినవారు ఎందరో. నిజంగానే మనం కొన్న ప్లాస్టిక్ పెట్టె వెనక ఒక బొమ్మలో 140.15 అని ఉంటుంది. పలచటి కవరులో కాపీ డిస్కు కొనుక్కున్న మనవాళ్ళ సంగతి అడగకండి.

అడుగు 5: ఫైళ్ళు తెరవడం, అవసరమైతేనే

పాత కంప్యూటర్ ఆటల ఫోల్డర్లలో బొమ్మలు, ధ్వనులు చాలాసార్లు మామూలు ఫైళ్ళుగానే ఉంటాయి. ఆటలో ఎప్పుడూ కనిపించని బొమ్మ అక్కడ కనిపిస్తే, అది వాడకుండా వదిలేసిన భాగం కావచ్చు. ఇలాంటి మిగులు సరుకును ఆటల వారీగా పోగుచేసే ద కటింగ్ రూమ్ ఫ్లోర్ అనే కోశం ఒకటి నెట్‌లో ఉంది. ముందు సొంతంగా వెతికి, తరువాత అక్కడ సరిచూసుకోండి. అసలు ఫైళ్ళను ముట్టుకోవద్దు, నకలు తీసుకుని చూడండి. పదిమందితో నెట్‌లో ఆడే ఆటల ఫైళ్ళ జోలికి మాత్రం పోవద్దు. మోసం చేస్తున్నారనుకుని ఖాతా మూసేస్తారు.

అడుగు 6: నిజమా, పుకారా?

దొరికిందన్న ఉత్సాహంలో అందరూ దాటేసేది ఈ అడుగునే. శాన్ ఆండ్రియాస్ అడవుల్లో బిగ్‌ఫుట్ అనే రోమాల మనిషి తిరుగుతాడని ప్రపంచమంతా నమ్మింది. మసక ఫొటోలు, పాదముద్రలు, ఒట్లు. ఆ ఆటలో అలాంటిదేమీ లేదు. ఆ పుకారు ఎంత ముదిరిందంటే, 2013లో వచ్చిన ఆ వరసలోని గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5లో తయారీదారులే దాని మీద వేళాకోళంగా ఒక వేట పెట్టారు.

దీనికి జోడీ పోకెమాన్. మొదటి ఆటలో ఓడ రేవు దగ్గర ఒక లారీ ఉంటుంది, దాన్ని జరిపితే కింద మ్యూ అనే ప్రాణి దొరుకుతుందని పుకారు. లారీ ఉంది. మ్యూ లేదు. అయితే అసలు కథ పుకారు కన్నా బాగుంటుంది. ఆట పూర్తయి, పరీక్షకు వాడిన సాధనాలు తీసేశాక, సుమారు 300 బైట్ల ఖాళీ మిగిలింది. షిగేకి మొరిమోతో ఆ ఖాళీలో మ్యూను దూర్చాడు. ఆటగాళ్ళకు అందకూడనిదే అయినా, 2003లో ఒక గ్లిచ్ (ఆట ప్రోగ్రాములోని లోపం) ద్వారా దాన్ని పట్టుకునే నిజమైన దారి బయటపడింది. లారీతో దానికి సంబంధమే లేదు.

తేల్చుకోవడానికి నేను పట్టుబట్టేవి ఇవి. ఏ కాపీలో చూశారు? నెట్ సెంటర్లలో, సీడీ దుకాణాల్లో తిరిగిన ఆటల్లో చాలావాటిని ఎవరెవరో మార్చేశారు. కార్లు, బట్టలు, గోడ మీది పోస్టర్లు అసలు ఆటవి కాకపోవచ్చు. ఏ దేశపు కాపీ? జపాన్ కాంట్రాలో మంచు కురుస్తుంది, తాటిచెట్లు ఊగుతాయి. అమెరికా కాపీలో అవి కదలవు. కాబట్టి ఇద్దరు వాదించుకుంటుంటే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. కొత్తగా మొదలుపెట్టిన ఆటలో మళ్ళీ వచ్చిందా? వేరొకరి చేతిలో, వేరే యంత్రం మీద వచ్చిందా? తయారుచేసినవారు ఎక్కడైనా చెప్పారా? ఫొటో ఒక్కటే ఆధారమైతే నేను పుస్తకంలో పెన్సిల్‌తో రాస్తాను. ఇప్పుడు కంప్యూటరే బొమ్మలు కల్పిస్తోంది కాబట్టి పెన్సిల్ వాడకం పెరిగింది.

"మాస్టారూ, నేను నిజంగా చూశాను!" అని ఒక పిల్లవాడు వస్తే, "సరే బాబూ, చూపించు" అనడమే సరైన జవాబు. కాదని కొట్టిపారేయకండి, ఔనని రాసేయకండి.

అడుగు 7: రాసుకోవడం

ఒక్కో రహస్యానికి ఒక పేజీ. ఆట పేరు, సంవత్సరం, ఏ యంత్రం, ఎక్కడ, ఏం చేస్తే వచ్చింది, పై నాలుగు కారణాల్లో ఏది. పెన్సిలా, పెన్నా. అంతే. నలుగురికి చెప్పేటప్పుడు జవాబు ముందే చెప్పేయకండి. చోటు చెప్పి, అక్కడ ఆగి చూడమనండి.

మొదలుపెట్టడానికి మూడు పనులు

మైన్‌క్రాఫ్ట్ ఉంటే, పేరు చీటీ మీద దాగలి సాయంతో డిన్నర్‌బోన్ అని ఇంగ్లీషులో, మొదటి అక్షరం పెద్దది చేసి రాసి, ఏ జంతువుకైనా తగిలించండి. అది తలకిందులవుతుంది. కంప్యూటర్‌లో ఆడేవారు ఆట పేరు కనిపించే మొదటి తెరను ప్రతిసారీ చూస్తుండండి. పదివేలకు ఒకసారి అందులో రెండు అక్షరాలు తారుమారై కనిపిస్తాయి. ఆ ఆటలో అందరినీ భయపెట్టే పచ్చటి క్రీపర్ కూడా పంది బొమ్మ చేయబోయి, పొడవు, ఎత్తు తారుమారైనప్పుడు పుట్టిందే.

పాత విండోస్ కంప్యూటర్ దొరికితే, స్పేస్ క్యాడెట్ పిన్‌బాల్ తెరిచి, ఇంగ్లీషులో హిడెన్ టెస్ట్ అని కొట్టండి. బంతిని మౌస్‌తో లాగవచ్చు. ఇది పైన చెప్పిన కారణాల్లో ఏ కోవకు వస్తుందో మీరే రాసుకోండి.

ఏదీ లేకపోతే క్రోమ్ బ్రౌజర్ చాలు. మన తీరానికి తుపాన్లు కొత్త కాదు, నెట్ పోవడమూ కొత్త కాదు. అప్పుడు కనిపించే ఆ రాక్షసబల్లి ఆట 2014లో వచ్చింది. ఆట ముగియడానికి 1.7 కోట్ల సంవత్సరాలు పట్టేలా కట్టామని, ఆ జాతి భూమి మీద బతికిన కాలం సుమారు అంతేనని తయారుచేసినవారు చెప్పారు. స్కోరు గడిలో మాత్రం ఐదు అంకెలే పడతాయి. 700 దగ్గర పగలు రాత్రిగా మారుతుంది. మళ్ళీ ఎప్పుడు తెల్లవారుతుందో, పక్షులు ఏ స్కోరు తరువాత మొదలవుతాయో లెక్కపెట్టి రాయండి, పెన్సిల్‌తో.